సెర్పిన్లు: ఒక జన్యు కుటుంబం నేపథ్యం, దాని పేర్ల కథ (తరచుగా అడిగే ప్రశ్నలు)

సెర్పిన్ అంటే ఏమిటి?

ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్‌లను ప్రోటియేజ్‌లు అంటారు. ఆ కత్తెరలను ఆపే ప్రోటీన్లు చాలా రకాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్ద కుటుంబం సెర్పిన్లు. ఒక్కో సెర్పిన్‌లో సుమారు 350 నుంచి 400 అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ గొలుసులోని పూసలు) ఉంటాయి. మడత పడే తీరు అన్నిటిలోనూ దాదాపు ఒకటే: మూడు బీటా షీట్లు (పోగులు పక్కపక్కన చేరిన పలకలు), ఎనిమిదో తొమ్మిదో ఆల్ఫా హెలిక్స్‌లు (స్ప్రింగులాంటి చుట్టలు), పైన ఎరలాగా బయటికి వేలాడే ఒక వంపు.

ఒక ప్రోటీన్‌ను ఈ కుటుంబంలో చేర్చేది ఆ మడతే, అది చేసే పని కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే పేర్ల దగ్గర వచ్చే తికమక సగం తీరిపోతుంది.

ప్రోటియేజ్‌లను ఆపాల్సిన అవసరం ఏముంది?

ప్రోటియేజ్‌లు లేకుండా తిన్నది అరగదు, గాయమైతే రక్తం గడ్డకట్టదు, గడ్డ తిరిగి కరగదు, తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములను చంపలేవు. అయితే కత్తెరకు తనవాళ్లు, పరాయివాళ్లు అనే తేడా తెలియదు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం వదిలే ఎలాస్టేజ్ బ్యాక్టీరియాతో పాటు ఊపిరితిత్తుల్లోని సాగే పోగులను కూడా నమిలేస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్‌ను గాయం దగ్గరే ఆపకపోతే గడ్డ రక్తనాళమంతా పాకుతుంది. అందుకే దాదాపు ప్రతి ప్రోటియేజ్ వెనకా ఒక కాపలా ఉంటుంది. రక్తంలో ఆ కాపలా పనిలో ఎక్కువ భాగం సెర్పిన్లదే.

‘సెర్పిన్’ అనే పేరు ఎవరు పెట్టారు?

1985లో రాబిన్ క్యారెల్, జేమ్స్ ట్రావిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సమీక్షా వ్యాసంలో ఈ పేరు వాడారు. ‘సెరీన్ ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్’ అనే మూడు మాటల్లోంచి తలా ఒక ముక్క తీసుకుని అతికించిన పేరు ఇది. ఇక్కడ సెరీన్ అనేది ప్రోటియేజ్‌కు సంబంధించిన మాట. కత్తిరించే చోట సెరీన్ అనే అమైనో ఆమ్లంతో పని చేసే ఎంజైమ్‌లను సెరీన్ ప్రోటియేజ్‌లు అంటారు. ట్రిప్సిన్, త్రాంబిన్, ఎలాస్టేజ్ అన్నీ ఈ రకమే. ‘సెర్పిన్‌లో సెరీన్ ఎక్కడ ఉంటుంది?’ అని విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. సెరీన్ ఉన్నది కత్తెరలో, కాపలాదారులో కాదు.

పేరు 1985లో వచ్చినా బంధుత్వం అంతకు ఐదేళ్ల ముందే బయటపడింది. 1980లో లోయిస్ హంట్, మార్గరెట్ డేహాఫ్ మూడు ప్రోటీన్ల అమైనో ఆమ్లాల వరుసలను పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒకటి రక్తంలోని యాంటీత్రాంబిన్, ఇంకొకటి ఆల్ఫా 1 యాంటీట్రిప్సిన్. మూడోది కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఓవాల్బుమిన్! మొదటి రెండూ చుట్టాలంటే ఎవరికీ వింతగా ఉండదు. తెల్లసొన ప్రోటీన్ ఆ వరుసలో కలవడం ఎవరూ ఊహించలేదు. తమ వ్యాసం శీర్షికలోనే వాళ్లు దీన్ని ఆశ్చర్యకరమైన కొత్త కుటుంబం అన్నారు. ప్రోటీన్ వరుసలను ఒకచోట చేర్చి పోల్చే పద్ధతికి డేహాఫ్ 1960ల నుంచే పునాది వేస్తూ వచ్చారు. ఆ ఓపికకు దక్కిన ఫలితాల్లో ఇది ఒకటని నేను అనుకుంటాను.

ఆల్ఫా 1 యాంటీట్రిప్సిన్ అనే పేరులో ‘ఆల్ఫా 1’ ఏమిటి? ట్రిప్సిన్‌తో దానికి పనేమిటి?

ఈ పేరులో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది చిరునామా, రెండోది ఒక పొరపాటు.

రక్తంలోని ద్రవాన్ని విద్యుత్ క్షేత్రంలో పెడితే ప్రోటీన్లు తమ వేగాన్ని బట్టి పట్టీలుగా విడిపోతాయి. ఆ పట్టీలకు ఆల్బుమిన్, ఆల్ఫా 1, ఆల్ఫా 2, బీటా, గామా అని పేర్లు పెట్టారు. మన ప్రోటీన్ ఆల్ఫా 1 పట్టీలో దొరికింది కాబట్టి అది పేరులో చేరింది. అంటే ఆ మాట ప్రోటీన్ గుణం గురించి ఏమీ చెప్పదు, ఏ పట్టీలో కనిపించిందో మాత్రమే చెబుతుంది.

ఇక రెండో భాగం. ప్రయోగశాలలో ఎవరికైనా సులభంగా దొరికే ప్రోటియేజ్ ట్రిప్సిన్. దాన్ని ఇది ఆపుతుందని తేలింది కాబట్టి యాంటీట్రిప్సిన్ అయింది. తీరా చూస్తే ఒంట్లో దీని అసలు లక్ష్యం న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్. పొరపాటు సరిదిద్దాలని ఆల్ఫా 1 ప్రోటీనేజ్ ఇన్‌హిబిటర్ అని ఇంకో పేరు తెచ్చారు. పాత పేరు మాత్రం పోలేదు. డాక్టర్లు, రోగులు, ల్యాబులు దానికే అలవాటు పడిపోయారు. ఇప్పుడు రెండు పేర్లూ చలామణిలో ఉన్నాయి, మూడోదిగా జన్యువు పేరు సెర్పిన్ ఎ1 కూడా వచ్చి చేరింది.

దీన్ని ప్రసిద్ధి చేసింది మాత్రం ఇది లేకపోవడమే. 1963లో స్వీడన్‌లోని మాల్మోలో కార్ల్ బెర్టిల్ లారెల్, స్టెన్ ఎరిక్సన్ సుమారు 1500 రక్త నమూనాల పట్టీలు చూస్తే ఐదింటిలో ఆల్ఫా 1 పట్టీ కనిపించలేదు. ఆ ఐదుగురిలో ముగ్గురికి చిన్న వయసులోనే ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఖాళీగా కనిపించిన ఒక గీతను పట్టించుకోవడంతో ఒక వారసత్వ వ్యాధి దొరికింది. ఎలాస్టేజ్‌ను ఆపేవాడు లేకపోతే ఊపిరితిత్తులు ఏమవుతాయో కూడా తెలిసింది.

జన్యు పరీక్ష రిపోర్టులో కనిపించే ఎం, ఎస్, జడ్ అక్షరాలు ఏమిటి?

అవి పరుగు పందెం ఫలితాల్లాంటివి. యాంటీట్రిప్సిన్‌లో రకరకాల రూపాలు ఉన్నాయని తెలిశాక, జెల్‌లో అవి కదిలే వేగాన్ని బట్టి అక్షరాలు ఇచ్చారు. మధ్యస్థంగా కదిలేది ఎం, నెమ్మదిగా కదిలేది ఎస్, అన్నిటికన్నా వెనకబడేది జడ్. వేగంగా పోయేదాన్ని ఎఫ్ అన్నారు. ఎక్కువమందిలో ఉండే మామూలు రూపం ఎం.

జడ్ రూపంలో 342వ స్థానంలో గ్లుటామేట్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట లైసిన్ వస్తుంది. ఎస్ రూపంలో 264వ స్థానంలో గ్లుటామేట్ బదులు వాలిన్ ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు ప్రతులు వస్తాయి కాబట్టి రిపోర్టులో ఎంఎం, ఎంజడ్, జడ్‌జడ్ అని జంటగా రాస్తారు. ఎంజడ్ అని కనిపించగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఒక ప్రతి మామూలుగా ఉంటే తీవ్రమైన లోటు ఉండదు. లోటు ఎక్కువగా ఉండేది జడ్‌జడ్ వాళ్లలోనే. మిగతా సంగతి పొగతాగే అలవాటు, రక్తంలో ప్రోటీన్ మోతాదు, కాలేయం పరిస్థితి అన్నీ చూసి డాక్టర్ చెప్పాల్సిందే. పొగ విషయం ఊరికే అనలేదు. యాంటీట్రిప్సిన్ ఎరలో కీలకమైన 358వ మెథియోనిన్‌ను సిగరెట్ పొగ ఆక్సీకరణం చేసి పనికిరాకుండా చేస్తుంది.

సెర్పిన్లు ప్రోటియేజ్‌లను ఎలా ఆపుతాయి?

ఎలుకల బోనులాగా. ఈ పోలిక ఈ రంగంలో అందరూ వాడేదే, కానీ ఇంతకన్నా బాగా అతికే పోలిక నాకు దొరకలేదు.

ఇతర నిరోధకాలు ఎక్కువగా తాళం రంధ్రంలో బిరడా కొట్టినట్టు ఎంజైమ్ నోటిని మూసేస్తాయి. తర్వాత ఊడి రావచ్చు కూడా. సెర్పిన్ పద్ధతి వేరు. సుమారు 20 అమైనో ఆమ్లాల వంపు ఒకటి బయటికి వేలాడుతూ ఉంటుంది. ప్రోటియేజ్ దాన్ని తినదగినదే అనుకుని కత్తిరించడం మొదలుపెడుతుంది. కత్తిరించే క్రమంలో ఒక దశలో ఎంజైమ్, ఎర రసాయన బంధంతో అతుక్కుని ఉంటాయి. సరిగ్గా ఆ క్షణంలో బోను మూసుకుంటుంది. తెగిన వంపు చటుక్కున లోపలికి దూరి, ఐదు పోగుల బీటా షీట్‌లో ఆరో పోగుగా కూర్చుంటుంది. దానికి అతుక్కుని ఉన్న ప్రోటియేజ్ కూడా సెర్పిన్ ఒక కొస నుంచి అవతలి కొసకు, 70 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైగా దూరం (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి), ఈడ్చుకుపోయి అక్కడ నలిగిపోతుంది. దాని నిర్మాణంలో మూడో వంతుకు పైగా చెదిరిపోవడంతో కత్తిరింపు పూర్తిచేసి బయటపడలేదు.

ఈ కథలో మొదటి సూచన 1984లో వచ్చింది. రాబర్ట్ హ్యూబర్ బృందం తెగిన యాంటీట్రిప్సిన్ నిర్మాణాన్ని చూస్తే, పక్కపక్కనే ఉండాల్సిన రెండు తెగిన కొనలు అణువు రెండు చివర్లలో, దాదాపు 70 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంలో కనిపించాయి. అవి అంత దూరం ఎందుకు పోయాయో పూర్తిగా అర్థం కావడానికి 2000 సంవత్సరం దాకా ఆగాల్సి వచ్చింది. జేమ్స్ హంటింగ్టన్, రాండీ రీడ్, రాబిన్ క్యారెల్ కలిసి ట్రిప్సిన్, యాంటీట్రిప్సిన్ రెండూ చిక్కుకున్న చిత్రాన్ని ఆ ఏడాది ప్రచురించారు.

ఒకసారి మూసుకున్న బోను మళ్లీ తెరుచుకోదు. ఒక సెర్పిన్ ఒక ప్రోటియేజ్‌ను పట్టుకుని తనూ ఖర్చయిపోతుంది. అందుకే వీటిని ఆత్మాహుతి నిరోధకాలు అంటారు.

సెర్పిన్ ఎ1, సెర్పిన్ సి1 లాంటి పేర్లు ఎప్పుడు వచ్చాయి? అక్షరానికి, అంకెకు అర్థం ఏమిటి?

1990ల చివరికి ఈ కుటుంబంలో వందల సభ్యులు దొరికాయి. ప్రతి ల్యాబూ తనకు తోచిన పేరు పెట్టుకుంది. కొన్నిటికి పట్టీ పేరు, కొన్నిటికి అవయవం పేరు, కొన్నిటికి జబ్బు పేరు. 2000లో జేమ్స్ ఇర్వింగ్, సహచరులు వరుసలన్నీ పోల్చి వంశవృక్షం గీశారు. 16 కొమ్మలు తేలాయి, ఏ కొమ్మలోనూ ఇమడని కొన్ని అనాథలు కూడా మిగిలాయి. ఆ కొమ్మలను క్లేడ్‌లు అంటారు. 2001లో గ్యారీ సిల్వర్‌మన్ తదితరులు ఆ వృక్షం ఆధారంగా కొత్త పేర్ల పద్ధతి ప్రచురించారు. మనుషుల జన్యువుల పేర్లు ఖరారు చేసే హ్యూగో సంఘం జాబితాలో ఇప్పుడు ఉన్నవి ఆ పద్ధతి పేర్లే.

పద్ధతి చాలా తేలిక. ముందు ‘సెర్పిన్’ అనే ఇంటిపేరు, తర్వాత కొమ్మను తెలిపే అక్షరం, ఆ తర్వాత ఆ కొమ్మలో సభ్యుడి నంబరు. సెర్పిన్ సి1 అంటే సి కొమ్మలో మొదటి సభ్యుడు, అంటే యాంటీత్రాంబిన్. అక్షరాలు దేనికీ పొట్టి రూపం కావు. ‘ఎ’ అంటే యాంటీట్రిప్సిన్ అని, ‘పి’ అంటే ప్లాంట్ అని గుర్తుపెట్టుకునే వాళ్లున్నారు. కాకతాళీయంగా అవి రెండూ కుదిరాయి, మిగతావి కుదరవు. నంబరుకు కూడా ప్రాముఖ్యంతో పని లేదు. బి9 కన్నా బి1 గొప్పదేమీ కాదు.

మొదట్లో పూర్తి పేరు చాంతాడంత ఉండేది: సెర్పిన్ పెప్టిడేజ్ ఇన్‌హిబిటర్, క్లేడ్ ఎ, బ్రాకెట్లో పాత పేరు, ఆపైన మెంబర్ 1. దాన్ని తర్వాత ‘సెర్పిన్ ఫ్యామిలీ ఎ మెంబర్ 1’ అని కుదించారు. మంచిపని చేశారు.

మనిషిలో సెర్పిన్ జన్యువులు ఎన్ని?

ప్రోటీన్ తయారుచేసేవి 36 అని సాధారణంగా చెబుతారు. లెక్క మీరే వేసుకోవచ్చు. ఎ కొమ్మలో 12, బి కొమ్మలో 13. సి, డి, జి, హెచ్ ఒంటరివి, ఒక్కోదానిలో ఒక్కటే. ఇ కొమ్మలో మూడు, ఎఫ్‌లో రెండు, ఐలో రెండు. మొత్తం 36. కొన్నిచోట్ల ఈ సంఖ్య ఒకటి అటూ ఇటూ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. సెర్పిన్ ఎ2 లాంటి వాటిని పనిచేసే జన్యువుగా లెక్కించాలా, నిద్రపోయిన జన్యువుగా వదిలేయాలా అన్నదాని మీద లెక్క మారుతుంది. నిద్రపోయినవని తేలినవాటికి చివర ‘పి’ తగిలిస్తారు, సెర్పిన్ ఎ13పి లాగా. ఆ ‘పి’ సూడోజీన్ గుర్తు, ‘పి’ కొమ్మ కాదు.

ఒక కొమ్మలోని జన్యువులన్నీ ఒకేచోట ఉంటాయా?

చాలావరకు అంతే, కొన్ని దూరంగా ఉన్నాయి. ఎ కొమ్మ జన్యువుల్లో ఎక్కువ భాగం 14వ క్రోమోజోమ్ పొడుగు చెయ్యి చివర వరుసగా ఉన్నాయి. ఒకే జన్యువు పదేపదే రెట్టింపై పక్కపక్కనే మిగిలిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. అయితే థైరాక్సిన్ హార్మోన్‌ను మోసే ఎ7 మాత్రం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. బి కొమ్మ రెండు చోట్ల కాపురం పెట్టింది: బి1, బి6, బి9 ఆరో క్రోమోజోమ్ మీద, మిగతావి 18వ దాని మీద. ఎఫ్ జంట 17వ క్రోమోజోమ్ మీద, ఐ జంట మూడో దాని మీద పక్కపక్కనే ఉన్నాయి.

జాబితాలో సెర్పిన్ ఎ8 కనిపించడం లేదు. తప్పిపోయిందా?

తప్పిపోలేదు, వేరే పేరుతో ఉంది. రక్తపోటును నియంత్రించే యాంజియోటెన్సినోజన్ వంశం ప్రకారం సెర్పిన్ ఎ8. కానీ దాని జన్యువును ప్రపంచమంతా ఏజీటీ అని పిలుస్తుంది. రక్తపోటు మీద పనిచేసేవాళ్ల వ్యాసాల్లో, మందుల పరిశోధనల్లో ఆ మూడక్షరాలు ఎంత పాతుకుపోయాయంటే వాటిని పీకడం మంచిదని ఎవరికీ అనిపించలేదు. ఏజీటీ అధికారిక గుర్తుగా ఉండిపోయింది, సెర్పిన్ ఎ8 మారుపేరుగా మిగిలింది. అంటే పద్ధతికి కూడా పట్టు విడుపు ఉంది.

సెర్పిన్ అని పేరున్నవన్నీ నిరోధకాలేనా?

కాదు. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు’ అన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది, కంపు అన్న మాట మాత్రం అన్యాయం. ఓవాల్బుమిన్ ఏ ప్రోటియేజ్‌నూ ఆపదు. పిండానికి ఆహారంగా నిలవ ఉంటుంది అంతే. హెచ్1 కొల్లాజెన్ పోగు సరిగా మడత పడేలా దగ్గరుండి చూస్తుంది. దాని పాత పేరు హెచ్ఎస్‌పీ 47, బరువు 47 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) కాబట్టి. ఎఫ్1 కంటిలోని పొర నుంచి వెలువడే ఎదుగుదల కారకంగా మొదట తెలిసింది. ఏజీటీ నుంచి రెనిన్ అనే ఎంజైమ్ పది అమైనో ఆమ్లాల ముక్క కోసుకుంటే రక్తపోటు హార్మోన్ తయారీ మొదలవుతుంది.

ఎ6 కథ మరీ ముచ్చటగా ఉంటుంది. ఇది కార్టిసాల్ హార్మోన్‌ను రక్తంలో మోస్తుంది. ఎర వంపు ఇంకా ఉంది, బోను కూడా పనిచేస్తుంది, కానీ దేన్నీ పట్టదు. వాపు ఉన్నచోట ఎలాస్టేజ్ వచ్చి వంపును కత్తిరిస్తే బోను మూసుకుని ఆకారం మారిపోతుంది, మోస్తున్న కార్టిసాల్ జారిపోతుంది. వాపు తగ్గించే హార్మోన్ సరిగ్గా వాపు ఉన్నచోటే దిగుతుంది. ఎలుకల బోనును సరుకు దించే బండిగా మార్చుకున్నట్టు!

పేరు వంశం చెబుతుంది, వృత్తి చెప్పదు. కొత్త సెర్పిన్ జన్యువు కనిపించగానే ‘ఇది ఏ ప్రోటియేజ్‌ను ఆపుతుంది?’ అని అడగడానికి ముందు ‘ఇది అసలు ఏదైనా ఆపుతుందా?’ అని అడగాలి.

పోనీ, సెర్పిన్లు ఆపేవన్నీ సెరీన్ ప్రోటియేజ్‌లేనా?

అదీ కాదు. బి3 ఆపేది కాథెప్సిన్ ఎల్, కె, ఎస్ అనే సిస్టీన్ ప్రోటియేజ్‌లను, అంటే కత్తిరించే చోట సెరీన్ బదులు సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో పని చేసేవాటిని. దాని కవల లాంటి బి4 మాత్రం సెరీన్ రకాలను పడుతుంది. గోమసూచి (కౌపాక్స్) వైరస్‌లో సీఆర్‌ఎంఏ అనే సెర్పిన్ ఉంది. అది మన కణాల్లో వాపు సంకేతాన్ని రగిల్చే కాస్పేజ్ 1 అనే సిస్టీన్ ప్రోటియేజ్‌ను ఆపి, వైరస్ సోకిన సంగతి బయటికి పొక్కకుండా చూస్తుంది. పేరు పెట్టిన 1985 నాటికి ఇవి తెలియవు. తెలిశాక పేరు మార్చలేదు, మార్చాల్సిన పని కూడా లేదనే నా అభిప్రాయం.

సెరీన్ ప్రోటియేజ్ నిరోధకాలన్నీ సెర్పిన్లేనా?

ఇదే అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు. కాదు. కజాల్ రకం, కునిట్జ్ రకం లాంటి వేరే కుటుంబాలు చాలా ఉన్నాయి. అవి చిన్నవి, బిరడా పద్ధతిలో పనిచేస్తాయి, సెర్పిన్లతో చుట్టరికం లేదు. క్లోమంలో ట్రిప్సిన్‌ను అదుపులో ఉంచే స్పింక్1 కజాల్ రకానిది. పేరులో ఎస్, పి, ఐ, ఎన్ అక్షరాలు కనిపించగానే సెర్పిన్ అనుకునే ప్రమాదం ఉంది. మెరోప్స్ అనే ప్రోటియేజ్‌ల డేటాబేస్‌లో కజాల్ కుటుంబం ఐ1, ఎద్దు క్లోమపు కునిట్జ్ రకం ఐ2, సెర్పిన్లు ఐ4. ఆ ఐ4ను ఐ కొమ్మలో నాలుగో సభ్యుడు అనుకోకండి. రెండూ వేరు వేరు పద్ధతులు.

మాస్పిన్, వాస్పిన్, మెగ్సిన్... ఈ పేర్లు ఎక్కడివి?

పద్ధతి రాకముందు, వచ్చాక కూడా ల్యాబుల సరదా ఇది. దొరికిన చోటుకు ‘పిన్’ తగిలించడమే. రొమ్ము కణాల్లో దొరికింది మాస్పిన్ (బి5), ఎముక మజ్జలో దొరికింది బోమాపిన్ (బి10), పొట్ట లోపలి కొవ్వులో దొరికింది వాస్పిన్ (ఎ12), నాడీకణాల్లోది న్యూరోసెర్పిన్ (ఐ1), క్లోమంలోది పాంక్‌పిన్ (ఐ2). మూత్రపిండంలోని మెసాంజియల్ కణాల నుంచి మెగ్సిన్ (బి7) వచ్చింది. చెవికి ఇంపుగా ఉంటాయి, సులభంగా గుర్తుంటాయి. చిక్కు ఎక్కడంటే ఒకే జన్యువు రెండు ల్యాబులకు దొరికితే రెండు పేర్లు పడతాయి. బి13ను తల, మెడ కణజాలంలో చూసినవాళ్లు హెడ్‌పిన్ అన్నారు, చర్మ కణాల మీద పనిచేసినవాళ్లు హర్పిన్ అన్నారు. అదీగాక, రొమ్ములో మొదట దొరికినంత మాత్రాన మాస్పిన్ అక్కడే ఉంటుందని కాదు.

యాంటీత్రాంబిన్ పేరు పక్కన ‘మూడు’ ఎందుకు ఉండేది? ఒకటి, రెండు ఏమయ్యాయి?

త్రాంబిన్ మాయమవడం రకరకాలుగా కనిపించేసరికి ఒక్కో రకానికి ఒక రోమన్ అంకె వేశారు. ఒకటోది అసలు నిరోధకమే కాదు, రక్తపు గడ్డలోని ఫైబ్రిన్ పోగులకు త్రాంబిన్ అంటుకోవడం. రెండోది హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) ఉన్నప్పుడు కనిపించే పని, మూడోది హెపారిన్ లేకుండా నెమ్మదిగా జరిగే పని. చివరికి రెండు, మూడు ఒకే ప్రోటీన్ పనులని తేలింది. హెపారిన్ ఆ ప్రోటీన్ వేగాన్ని వెయ్యి రెట్ల దాకా పెంచుతుంది, అంతే తేడా. అందుకే అంకె తీసేసి ఉత్త యాంటీత్రాంబిన్ అన్నారు. పాత రిపోర్టుల్లో, కొందరు డాక్టర్ల నోట ఇంకా ‘ఏటీ త్రీ’ వినిపిస్తుంది, రెండూ ఒకటే. ఇది తగ్గితే రక్తం అవసరం లేనిచోట గడ్డకడుతుందని 1965లో ఓలావ్ ఎగెబెర్గ్ ఒక నార్వే కుటుంబంలో చూపించారు.

హెపారిన్ కోఫ్యాక్టర్ 2 (సెర్పిన్ డి1) పేరులోని రెండుకు కూడా ఇదే గోల. ఒకటోది మన యాంటీత్రాంబినే.

ఎలుకల జన్యువుల పేర్లు ఎందుకు అంత గజిబిజిగా ఉంటాయి?

ఎలుకల్లో కొన్ని జన్యువులు విపరీతంగా పిల్లలు పెట్టాయి. మొత్తం పనిచేసే సెర్పిన్ జన్యువులు సుమారు 60. మనిషిలో ఎ1 ఒకటే ఉంటే, ప్రయోగాల్లో ఎక్కువగా వాడే నల్ల ఎలుక జాతిలో ఎ1ఎ నుంచి ఎ1ఇ దాకా ఐదు ఉన్నాయి. ఎ3కి అయితే పదికి పైగా ప్రతులు. అందుకే చివర ఇంకో అక్షరం వస్తుంది. దీనివల్ల ‘మనిషి ఎ3కి ఎలుకలో సరిజోడు ఏది?’ అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉండదు. రాత విషయంలో ఆంగ్ల లిపిలో మనిషి జన్యువుకు అన్నీ పెద్ద అక్షరాలు, ఎలుక జన్యువుకు మొదటిది మాత్రమే పెద్దది. జన్యువు పేరును వాలు అక్షరాల్లో, ప్రోటీన్ పేరును నిలువు అక్షరాల్లో రాస్తారు.

జంతువుల్లో కాకుండా ఇంకెక్కడైనా సెర్పిన్లు ఉన్నాయా?

మొక్కల్లో, వైరస్‌లలో, కొన్ని బ్యాక్టీరియాల్లో, ఆర్కియా అనే బ్యాక్టీరియాలాంటి వేరే ఏకకణ జీవుల్లో కూడా ఉన్నాయి. మొక్కలవి పి కొమ్మ. బార్లీ గింజలోని ప్రోటీన్ జడ్ ఒక సెర్పిన్. వేడికి, కత్తిరింపుకు అంత సులభంగా లొంగదు కాబట్టి బీరు తయారీ అంతా దాటుకుని వచ్చి నురగ నిలవడానికి సాయపడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక: ఈ ‘జడ్’ వేరు, యాంటీట్రిప్సిన్ జడ్ రూపం వేరు. మనిషి రక్తంలో ప్రోటీన్ జడ్ అనే ఇంకొకటి ఉంది, అది సెర్పిన్ కాదు, కానీ దాని సాయంతో పనిచేసే నిరోధకం మాత్రం సెర్పిన్ ఎ10. మూడు జడ్‌లకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పేర్లు పెట్టినవాళ్లు ఎవరూ ఒకరినొకరు అడగలేదు మరి.

‘సెర్పినోపతి’ అంటే?

సెర్పిన్ సరిగా మడత పడక వచ్చే జబ్బులకు ఉమ్మడి పేరు. బోను బిగించి ఉంచడంలోనే ప్రమాదం దాగి ఉంది. చిన్న మార్పు వచ్చినా ఒక అణువు ఎర వంపు పక్క అణువు షీట్‌లో దూరిపోతుంది, దాని వంపు ఇంకోదానిలో. అలా గొలుసులు కట్టేస్తాయి. జడ్ రూపంలో కాలేయ కణాల్లో జరిగేది ఇదేనని 1992లో డేవిడ్ లోమాస్ బృందం చూపించింది. తయారైన చోట పేరుకుని కాలేయాన్ని పాడుచేస్తుంది, చేరాల్సిన ఊపిరితిత్తులకు అందక వాటినీ పాడుచేస్తుంది. న్యూరోసెర్పిన్ అలాగే మెదడు కణాల్లో పేరుకుంటే ఒక రకం వారసత్వ మతిమరుపు వస్తుంది.

మడత చెడకుండా లక్ష్యం మారిపోయినా ప్రమాదమే. 1983లో వివరించిన పిట్స్‌బర్గ్ రూపంలో యాంటీట్రిప్సిన్ 358వ మెథియోనిన్ బదులు ఆర్జినిన్ వచ్చింది. ఆ ఒక్క మార్పుతో అది ఎలాస్టేజ్‌ను వదిలేసి త్రాంబిన్‌ను పట్టడం మొదలుపెట్టింది. ఆ మార్పు ఉన్న అబ్బాయి 14 ఏళ్లకే రక్తస్రావంతో చనిపోయాడు. కొమ్మ అదే, నంబరు అదే, పాత పేరూ అదే. పని మాత్రం యాంటీత్రాంబిన్‌ది.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఏ పేరు వాడాలి?

రెండూ వాడండి. కొత్త పేరు ఒక్కటే పెట్టి వెతికితే 2001కి ముందు వచ్చిన వ్యాసాలు చాలా తప్పిపోతాయి. పాత పేరు ఒక్కటే పెడితే జన్యు పరీక్షల సమాచారం తప్పిపోతుంది. రక్త గడ్డలు కరగకుండా అడ్డుకునే ఇ1 మీద చదవాలంటే పీఏఐ 1 అని కూడా వెతకాలి, పరిశోధకులు ఇప్పటికీ ఎక్కువగా అలాగే రాస్తారు. జి1 గురించి కావాలంటే సీ1 ఇన్‌హిబిటర్ అని వెతకండి, ముఖం, గొంతు ఉన్నట్టుండి వాచే వారసత్వ యాంజియోఎడిమా సమాచారం ఎక్కువగా ఆ పేరు కిందే ఉంటుంది. ప్రోటియేజ్, ప్రోటీనేజ్, పెప్టిడేజ్ అని మూడు మాటలు కనిపిస్తాయి. ఈ సందర్భంలో మూడూ ఒకటే అనుకుని ముందుకు వెళ్లవచ్చు.